మా బాపమ్మ మారుమనసు

పోయిన నెల మా ఊళ్ళో కొత్త చర్చి ప్రతిష్ఠ జరిగింది. పాత సంఘస్తుల పిల్లలందరూ రావాలని ఫోన్ చేసి మరీ పిలిస్తే, మానుకోట నుంచి తొర్రూరులో బస్సు మారి వెళ్ళాను. మా ఊరు దేవరుప్పులకు దగ్గర. నేను ఎరిగిన చర్చి పెంకుటిల్లు. గోడలకు సున్నం, కింద ఈతచాపలు, వాన వస్తే ఆరాధన మొత్తం కురవని మూలకు జరిగేది. ఇప్పుడున్న దానికి గ్రానైటు మెట్లు, లోపల ఏసీలు, పాటలు చూసి పాడుకోవడానికి గోడంత తెర. మా చిన్నప్పుడు దేవుడికి వినపడాలంటే గొంతు చించుకోవలసి వచ్చేది. ఇప్పుడు స్పీకర్ల పుణ్యమా అని మా దేవుడికే కాదు, చుట్టుపక్కల ఊళ్ళ దేవుళ్ళకు కూడా వినపడుతోంది. వాళ్ళూ తక్కువ తినలేదు, పోచమ్మ గుడికి కూడా కొత్త స్పీకర్లు వచ్చాయి.

కొత్త పాస్టరు గారు కుర్రవాడు, మంచి మాటకారి. సంఘ చరిత్ర చెబుతూ మా అమ్మ దగ్గర ఆగాడు. "ఈ సంఘానికి పునాది రాళ్ళలో ఒకరు మార్తమ్మ గారు. ఆమె కన్నీటి ప్రార్థన ఎంత బలమైనదంటే, ఏటేటా పోచమ్మకు బోనమెత్తే ఆమె అత్తగారు రాజవ్వ, ఇదే సంఘంలో, అందరి ముందూ నిలబడి, ఆ బోనాన్ని విడిచిపెట్టారు. ఆ మారుమనసుకు సాక్షి, మార్తమ్మ గారి కూతురు, ఇవాళ మన మధ్యనే ఉన్నారు" అన్నాడు. చప్పట్లు మోగాయి. నేను లేచి నిలబడి నాలుగు దిక్కులా దండం పెట్టి కూర్చున్నాను. ఈ వయసు వచ్చాక మనిషి చేయగలిగింది అంతే.

ఆయన చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. అమ్మ ఏడ్చిన మాట నిజం. రాజవ్వ, అంటే మా బాపమ్మ, మా బాపును కన్న తల్లి, చర్చిలో నిలబడిన మాట నిజం. బోనం మానిన మాట అంతకన్నా నిజం. అన్నీ నిజాలే పెట్టి అల్లిన ఆ కథలో నాకు మా అమ్మ కనపడలేదు, మా బాపమ్మ అసలే కనపడలేదు. బస్సులో తిరిగి వస్తున్నంత సేపూ ఆ ఇద్దరూ నా పక్క సీట్లో కూర్చుని ఒకరినొకరు ఎత్తిపొడుచుకుంటున్నట్టే ఉంది. అందుకని ఈ నాలుగు పేజీలు.

మా ఇంట్లో ఒక పొయ్యి, ఇద్దరు దేవుళ్ళు. మొదటినుంచీ అలా లేదు. అమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు ఆమె పేరు లచ్చమ్మ, నుదుట బొట్టు, మెడలో పసుపుతాడు, అందరి లాంటి కోడలే. కడుపు నిలవక, నిలిచినవి బతకక, చివరికి నేను కడుపులో ఉన్నప్పుడు జనగామలో ఒక మిషను దవాఖానలో చేర్చారు. అక్కడి నర్సమ్మ పొద్దునా సాయంత్రం మంచం పక్కన మోకరించి ప్రార్థన చేసేది. అమ్మ ఆ ప్రార్థనను పట్టుకుంది. అదే వారం బాపమ్మ మేడారం దిక్కు తిరిగి, బిడ్డ బతికితే ఆ తల్లి పేరే పెడతానని సమ్మక్కకు మొక్కింది. నేను బతికాను. ఎవరి మొక్కు వల్ల బతికానో ఈనాటికీ తేలలేదు. చర్చిలో నేను కృప, ఇంట్లో సమ్మక్క. ఎవరు గెలిచారని బాపును అడిగితే, "డాక్టరమ్మ చెయ్యి మంచిది బిడ్డా" అనేవాడు. రెండు వైపులా చివాట్లు తినేవాడు.

అమ్మ బాప్తిస్మం తీసుకుని మార్తమ్మ అయింది. బొట్టు తీసేసింది. బాపమ్మ మూడు రోజులు మాట్లాడలేదట, తర్వాత మాట్లాడకుండా ఉండటం తనకే కష్టమై తిట్టడం మొదలుపెట్టిందట. బొట్టు విషయంలో బాపమ్మకు పట్టింపు ఎక్కువ. మా తాత పెళ్ళయిన కొన్నేళ్ళకే భీవండి మిల్లుకని పోయి మళ్ళీ రాలేదు. ఉన్నాడో లేడో కబురు లేదు. పోయాడని ఎవరూ వచ్చి చెప్పలేదు కాబట్టి బాపమ్మ తన బొట్టు తీయలేదు, రోజురోజుకూ ఇంకొంచెం పెద్దది చేసింది. "మొగడు కండ్లముంగట ఉన్నదానివి, నీకేం పుట్టింది బొట్టు తీసెయ్య?" అని అమ్మను నిలదీసేది. కండ్లకు కనపడని మనిషి కోసం ఒకరు బొట్టు పెట్టుకోవడం, కండ్లకు కనపడని దేవుడి కోసం ఒకరు తీసేయడం, రెండూ ఒకే గడప మీద జరుగుతుండేవి.

తెల్లవారుజామున బాపమ్మ వాకిట్లో అలుకు చల్లుతుంటే ఆ పేడనీళ్ళ వాసనలోనే అమ్మ పాట వినపడేది. కొంగు తల మీద కప్పుకుని, గోడకు ఎదురుగా కూర్చుని, పైకి ప్రార్థన చేసేది. బాపమ్మ అటు తిరిగి పోచమ్మతో మాట్లాడేది. పాలు సరిగ్గా ఇయ్యని బర్రె గురించి, మాట వినని కొడుకు గురించి, కిరస్తానంలో కలిసిన కోడలి గురించి చాడీలు చెప్పేది. అటు ప్రార్థన, ఇటు చాడీలు, రెండూ ఒకేసారి ముగిసేవి. ఆ తర్వాత అత్త జొన్నరొట్టెలు కొడితే కోడలు కాల్చేది. మక్క కంకుల బూరుతో అంటించిన పొయ్యి పొగ, కాలిన జొన్నపిండి వాసన, బాపమ్మ దవడన పెట్టుకునే తంబాకు వాసన, ఇవన్నీ కలిస్తే మా ఇంటి పొద్దున.

పేచీ అంతా తిండి దగ్గర వచ్చేది. విగ్రహాలకు పెట్టింది విశ్వాసి తినకూడదు. ఆ మాటలో అమ్మ ఆవగింజంత కూడా సడలేది కాదు. పండుగపూట అందరూ గారెలు తింటుంటే అమ్మ పచ్చి మిరపకాయ నంజుకుని జొన్న గట్క తినేది. ఒక ఏడు చూసింది, రెండేళ్ళు చూసింది బాపమ్మ. ఇంట్లో గారెలు పెట్టుకుని కోడలు గట్క తింటుంటే ఆమెకు ముద్ద దిగలేదు. మూడో ఏడు తనే ఒక ఏర్పాటు చేసింది. పోచమ్మకు పెట్టకముందే, బాండీలోంచి దిగిన మొదటి వాయి గారెలు, కుండలోంచి తీసిన మొదటి గరిటెడు బెల్లమన్నం, ఒక సత్తు గిన్నెలో వేసి మూత పెట్టి అమ్మ ముందుకు తోసేది. "గిది ఎవ్వలకూ పెట్టలే. తిను" అనేది.

ఆ గిన్నె ఎంత పెద్ద తప్పో తెలిసినవాళ్ళకు తెలుస్తుంది. దేవతకు పెట్టకముందు నాలుక తడిపితేనే పాపమనుకునే మనిషి, ఇంట్లో కిరస్తానం కోడలికి మొదటి వాయి పెట్టి, మిగిలింది పోచమ్మకు మోసుకుపోయేది. అమ్మ భక్తి చెడకుండా కాపాడటానికి బాపమ్మ తన భక్తిని ఎంగిలి చేసుకుంది. అమ్మ కూడా ఊరుకోలేదు. క్రిస్మస్‌కు చేసిన అరిసెలు ప్రార్థన చేయకముందే నాలుగు తీసి, ఆకులో చుట్టి, అత్త తంబాకు సంచి పక్కన పెట్టేది. ప్రార్థన చేసినవి తింటే పోచమ్మకు ఎక్కడ కోపం వస్తుందోనని. ఇద్దరికీ ఎదుటివాళ్ళ దేవుడి కోపం మీద ఉన్నంత నమ్మకం, తమ దేవుడి కోపం మీద ఉండేది కాదు.

"పోచమ్మ ఏమనదా బాపమ్మా?" అని ఒకసారి అడిగాను.

"ఏమంటది? నా తల్లి గది, ఇంట్ల మనిషి. జర సర్దుకుంటది. గాయన కొత్తగొచ్చినాయన. కొత్తల్లుని లెక్క, కూసుంటే అలుగుతడు, నిలవడితే అలుగుతడు. మనమే సూసుకోవాలె" అంది. అల్లుడనే మాట విని లోపల అమ్మ గరిటె కింద పడేసింది. నవ్వాపుకోలేకనో, కోపమాపుకోలేకనో నాకు తెలియదు.

ఇక ఆ మారుమనసు జరిగిన సంవత్సరం సంగతి. శ్రావణంలో బోనాలకు వారం ముందు బాపమ్మ గడ్డివాము దగ్గర జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టారు. బోనం వండాల్సింది ఇంటి ఆడమనిషి. ఇంట్లో ఉన్న ఇంకో ఆడమనిషి మా అమ్మ. నేను అప్పటికి పొయ్యి దగ్గరికి రానిచ్చే వయసు పిల్లను కాను. బాపమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే అమ్మకు కష్టమని. బోనాల నాడు పొద్దున్నుంచి కుడిచేయి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. ఏరినవే మళ్ళీ ఏరుతోంది. చాలా సేపు చూసి అమ్మ లేచింది. ఆ బియ్యం తీసుకుని కడిగింది, ఎసరు పెట్టింది, తల మీద కొంగు కప్పుకుని, ఎప్పుడూ ఏ అన్నం మీదైనా చేసే ప్రార్థనే ఆ అన్నం మీద కూడా చేసింది. "నేను అన్నం వండిన అత్తమ్మా. మా అత్తకు వండిన. నువ్వు ఎవ్వలకు పెట్టుకుంటవో నీ ఇష్టం" అంది. ఆ సంవత్సరం పోచమ్మకు మా ఇంటి నుంచి పోయిన బోనం యేసయ్య నామంలో ప్రార్థన చేసిన బోనం. పోచమ్మ తిరిగి పంపించలేదు.

అక్కడితో ఆగి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కుండకు పసుపు రాసి, వేపమండలు చుట్టి, పైన దీపం పెట్టి, డప్పుల వెంట బయలుదేరిన బాపమ్మకు ఒక చేయి కట్టులో ఉంది. ఒంటిచేత్తో పట్టిన కుండ నాలుగడుగులకే ఊగడం మొదలుపెట్టింది. గడపలో నిలబడి చూస్తున్న అమ్మ పరుగెత్తింది. ఒక చేయి అత్త నడుము చుట్టూ వేసి, ఒక చేయి కుండకు ఆనించి, పోచమ్మ గుడి దాకా వెంట నడిచింది. గుడి ముందు వదిలేసి వెనక్కి వచ్చేసింది. ఊరంతా చూసింది. ఊరిలో మా సంఘ పెద్ద భార్య కూడా ఉంటుంది కదా.

అప్పటి పాస్టరు గారు కృష్ణా జిల్లా నుంచి వచ్చినాయన. స్టేషన్ ఘన్‌పూర్‌లో కాపురం, సైకిలు మీద ఊళ్ళు తిరిగేవారు. 'అండి' లేకుండా కుక్కను కూడా అదిలించేవారు కాదు. చెడ్డవాడని నేను అనను. వాక్యం ఎట్లా ఉంటే అట్లా నడవాలని నమ్మిన మనిషి, నియమం తప్పితే ముందు తనకే నిద్ర పట్టదు. మా ఇంటికి వచ్చి, నులకమంచం మీద కూర్చుని, మజ్జిగ తాగి, నెమ్మదిగా అడిగారు.

"మార్తమ్మ గారూ, మీరు బోనం పట్టుకున్నారని అంటున్నారండి. నిజమేనా?"

"మా అత్తను పట్టుకున్న అయ్యగారూ."

"చేతులు ఎక్కడ ఉన్నాయమ్మా?"

"ఒకటి అత్త నడుముకు. ఒకటి కుండకు" అంది.

ఆ రెండో ముక్క చెప్పకపోతే ఏమీ లేదు. మా అమ్మకు అబద్ధం చేతకాదు. నిజంలో సగం దాచడం కూడా చేతకాదు. అది భక్తి అంటారో చేతకానితనం అంటారో, ఆ ఇంట్లో పెరిగిన నాకు తేడా తెలిసేది కాదు. చేసింది తప్పని సంఘం ముందు ఒప్పుకుంటే చాలన్నారు పాస్టరు గారు. "కిందపడే ముసలామెను పట్టుకునుడు తప్పని ఎట్ల చెప్పాలె అయ్యగారూ?" అంది అమ్మ. ఆయన బాధపడుతూనే ఆమెకు ప్రభు బల్ల నిలిపేశారు. అంటే ఆదివారం అందరితో పాటు కూర్చోవచ్చు, పాడవచ్చు, కానుక వేయవచ్చు. యేసయ్య శరీరమని పంచే రొట్టె పళ్ళెం వచ్చినప్పుడు మాత్రం ఆమెను దాటి పోతుంది. ఇది చిన్న సంగతిగా కనిపించవచ్చు. అమ్మకు అది తన ఇంటి నుంచి తనను వెళ్ళగొట్టడం. ఆ రొట్టె ముక్క కోసమే ఆమె వారమంతా బతికేది.

అసలు చమత్కారం ఏమిటంటే ఆ రొట్టె చేసేది అమ్మే. పులియని పిండితో, పలచగా, మాడకుండా, విరిస్తే పటుక్కుమనేలా చేయడం సంఘంలో ఇంకెవరికీ కుదరలేదు. బల్ల నిలిపేశాక, ఇక రొట్టె సంగతి ఏమిటని పెద్దలు కూర్చుని ఆలోచించారు. తినడానికి అడ్డు గానీ చేయడానికి అడ్డు లేదని తేల్చారు. కాబట్టి శనివారం సాయంత్రం యథాప్రకారం సంఘం వాళ్ళ పిండి వచ్చేది, అమ్మ స్నానం చేసి, కొంగు కప్పుకుని, పెనం మీద రొట్టె కాల్చి, తెల్లటి గుడ్డలో చుట్టి పంపేది.

అలా కొన్ని వారాలు నడిచింది. ఒక శనివారం రొట్టె కాలుస్తున్న అమ్మ కండ్లలోంచి నీళ్ళు కారడం బాపమ్మ చూసింది. పొగ అనుకుంది. పొయ్యిలో పొగ లేదు.

"ఏందే, ఎందుకేడుస్తున్నవ్?"

అమ్మ పెనం మీద రొట్టె తిప్పింది. నేను చెప్పాను. అమ్మకు రొట్టె ఇవ్వడం లేదని, బోనం పట్టుకున్నందుకేనని. బాపమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మలేదు.

"నువ్వు జేసిన రొట్టె నీకే పెట్టరా? వండిన చేతికి ముద్ద పెట్టని ఇల్లు ఏడిది? గట్లాంటి ఇంటికి పోతున్నవా నువ్వు ఇన్నేండ్ల సంది?" అంది. దేవుడి సంగతి పక్కన పెడితే, వంటింటి ధర్మం ప్రకారం ఇది ఆమె కనీవినీ ఎరగని అన్యాయం.

మర్నాడు ఆదివారం. చర్చిలో పాట నడుస్తోంది. చేతికి కట్టు, నుదుట రూపాయంత బొట్టు, ముక్కుకు నత్తు, దవడన తంబాకు, మా బాపమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి కాక నేరుగా నడిమి దారిలోంచి నడిచి వచ్చి పాస్టరు గారి ముందు నిలబడింది. పాట ఆగిపోయింది. అమ్మ తల వంచుకుంది.

"అయ్యా, నా కోడలికి రొట్టె బంద్ జేసినవట. ఏం తప్పు జేసింది?"

"అమ్మా, కూర్చోండి. అది సంఘ క్రమమండి. ఆవిడ విగ్రహానికి…"

"బోనం నాది. మొక్కు నాది. ఇరిగిన చెయ్యి నాది. తప్పు నాదైతది గని దానిదెట్లయితది?"

పాస్టరు గారు ఓపికగా మళ్ళీ చెప్పారు. ఆ ఇంట్లో బోనం ఉన్నంత కాలం మీ కోడలికి ఈ ఇబ్బంది తప్పదమ్మా అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. బాపమ్మ ఆ మాటను బేరంలా పట్టుకుంది. తంబాకు ఉమ్మడానికి జాగా లేక మింగేసినట్టుంది, గొంతు కదిలింది.

"నేను బోనం బంద్ జేస్త. ఇగ ఎత్త. దానికి రొట్టె ఇయ్యుండ్రి" అంది.

ముందు ఎవరో హల్లెలూయ అన్నారు, ఇక చర్చి అంతా లేచింది. పాస్టరు గారి కండ్లలో నీళ్ళు తిరిగాయి, ఆయన నిజంగానే సంతోషించారు. సంఘ పెద్ద భార్య వచ్చి బాపమ్మను కౌగిలించుకుంది. ఎందుకు కౌగిలించుకుందో బాపమ్మకు తెలియదు. "జర చెయ్యి, నొస్తున్నది" అంది. ఆ సందడిలో చాప మీద కూర్చుని పెద్దగా ఏడుస్తున్నది అమ్మ ఒక్కతే. అందరూ దాన్ని ఆనందబాష్పాలు అనుకున్నారు. కొత్త పాస్టరు గారి కథలోని 'కన్నీటి ప్రార్థన' అదే.

తర్వాతి ఆదివారం కూడా బాపమ్మ చర్చికి వచ్చింది. వాక్యం వినడానికి కాదు. ఇస్తామన్నది ఇస్తున్నారో లేదో చూడటానికి. వాకిలి దగ్గర నిలబడి, పళ్ళెం అమ్మ దాకా రావడం, అమ్మ ముక్క నోట్లో వేసుకోవడం చూసి, తల ఊపి, ఇంటికి పోయింది. సంఘం పుస్తకంలో 'ఆసక్తి గల ఆత్మ' అని ఆమె పేరు ఎక్కింది.

మరుసటి శ్రావణం వచ్చింది. డప్పులు మా ఇంటి ముందు నుంచే పోవాలి. బాపమ్మ అరుగు మీద కూర్చుంది. చేయి బాగుపడి చాలా కాలమైంది. లోపల అమ్మ ఎవరూ చెప్పకుండానే బెల్లమన్నం వండి, కుండ తెచ్చి అరుగు మీద పెట్టింది. "పో అత్తమ్మా. నాకు రొట్టె లేకున్నా మంచిదే. గిట్ల నిన్ను కూసోబెట్టి నేను తినలేను" అంది.

బాపమ్మ కుండ వైపు చూసింది, డప్పుల వైపు చూసింది. లేవలేదు.

"నీ దేవునికి మాటిచ్చిన. మాట తప్పితే నన్నేం జెయ్యడు, నేను ఆయన మనిషిని కాను. నిన్ను జేస్తడు. నాకు నువ్వు కావాలె" అంది.

అమ్మ ఎంత బతిమాలినా వినలేదు. ఆ ఊళ్ళో యేసయ్యకు ఇచ్చిన మాట మీద అంత గట్టిగా నిలబడిన మనిషిని నేను చూడలేదు, ఆ మనిషి యేసయ్యను నమ్మదు. డప్పులు దూరమయ్యాయి. మధ్యాహ్నం దాకా ఆ కుండ అరుగు మీదే ఉంది. చివరికి బాపు చెలక నుంచి వచ్చి, ఇద్దరినీ చూసి, కుండను చూసి, దాన్ని లోపలికి తెచ్చి నలుగురికీ వడ్డించాడు. ఎవరికీ పెట్టని అన్నం కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. బెల్లం సరిపోయింది, నెయ్యి కూడా వేశారు. ఒక్కరు కూడా బాగుందని అనలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఈ గొడవలేవీ లేవు. నా కొడుకు భూపాలపల్లిలో బొగ్గు గనుల్లో ఉద్యోగం చేస్తున్నాడు, కోడలు రేగొండ పిల్ల, వాళ్ళు హిందువులు. బంగారం లాంటి పిల్ల. పెళ్ళప్పుడే అన్నీ మాట్లాడుకున్నాం. నా పాటలు నా ఫోన్లో, ఆమె స్తోత్రాలు ఆమె ఫోన్లో, ఇద్దరమూ చెవుల్లో తీగలు పెట్టుకుంటాం. పండుగపూట ఆమె నన్ను తినమనదు, ఆదివారం నేను ఆమెను రమ్మనను. మేము ఎంత మర్యాదస్తులమంటే, ఆమె దేనికి మొక్కుకుంటుందో నాకు తెలియదు, నేను దేనికి ఏడుస్తానో ఆమెకు తెలియదు. చూసినవాళ్ళు మెచ్చుకుంటారు. నాకే ఒక్కోసారి, ఈ పిల్ల నన్ను ఒక్కసారి గట్టిగా తిడితే బాగుండునని ఉంటుంది. తిట్టాలంటే ముందు నా మీద హక్కు ఉందనుకోవాలి కదా.

బాపమ్మ ఒక ఎండాకాలం పొద్దున అంబలి తాగి పడుకుని మళ్ళీ లేవలేదు. అప్పటికి నేను హన్మకొండలో టీచరు ట్రైనింగులో ఉన్నాను, కబురు అందుకుని వచ్చేసరికి వాకిట్లో రెండు గుంపులు ఉన్నాయి. ఒక పక్క మా కులపెద్దలు. "బోనం ఇడిసిపెట్టిన మనిషి. కిరస్తానంల కలిసింది. మేమెట్ల మోస్తం మల్లయ్యా?" అని బాపును అడుగుతున్నారు. ఇంకో పక్క సంఘం వాళ్ళు, తెల్లటి దుప్పటి పట్టుకుని. మన సహోదరికి మన సమాధుల జాగాలో మంచి చోటు చూశామని పాస్టరు గారు చెబుతున్నారు. బాపు ఎప్పటిలాగే అమ్మ వైపు చూశాడు.

అమ్మ రోజూ గోడ వైపు తిరిగి చేసే ప్రార్థన నాకు కంఠతా వచ్చు. చివర రెండు మాటలు ఉండేవి. మా అత్తను నీ రాజ్యంలో చేర్చుకో. నన్ను నీ రాజ్యంలో చేర్చుకో. ఇన్నేళ్ళుగా అడిగింది ఇప్పుడు వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఆమె అబద్ధం చెప్పనవసరం లేదు. ఊరుకుంటే చాలు. ఊరుకుంటే బాపమ్మ సంఘం మట్టిలో పడుకుంటుంది, రేపు ఆమె పక్కనే అమ్మ.

"అయ్యగారూ, మా అత్త మన దేవుణ్ణి ఎన్నడూ మొక్కలే" అంది అమ్మ. "నాకు రొట్టె ఇప్పియ్యనీకె బోనం ఇడిసింది. పోచమ్మను ఇడువలే. రోజూ మాట్లాడేది. నేను ఇన్న."

పాస్టరు గారు చాలా నెమ్మదిగా అన్నారు. "ఆలోచించి చెప్పండమ్మా. మీరు ఇలా అంటే ఆవిడ ఆత్మ ఎక్కడికి వెళ్తుందో మీకు తెలుసు కదండీ."

"తెలుసు అయ్యగారూ" అంది అమ్మ.

లోపలికి వెళ్ళి బాపమ్మ కుంకుమ భరిణె తెచ్చింది. తను బొట్టు తీసేసిన నాటి నుంచి ముట్టని భరిణె. వేలు తడుపుకుని, కుంకుమలో అద్ది, బాపమ్మకు ఇష్టమైనంత పెద్ద బొట్టు పెట్టింది. కొంచెం పక్కకు పోయింది. కొంగుతో తుడిచి మళ్ళీ సరిగ్గా పెట్టింది. తర్వాత కులపెద్దల వైపు తిరిగి, "మీ మనిషే. డప్పు తెప్పియ్యుండ్రి" అంది.

తర్వాతి ఆదివారం పళ్ళెం ఆమెను దాటిపోలేదు, ఆమె రొట్టె తీసుకుంది. ఆ సోమవారం పొద్దున నేను ఇంట్లోనే ఉన్నాను. అలుకు చల్లే మనిషి లేని వాకిట్లో అమ్మ తనే చల్లి వచ్చి, కొంగు కప్పుకుని, గోడ వైపు తిరిగింది. పోయినవాళ్ళ కోసం ప్రార్థన చేయకూడదన్నది మా సంఘం నియమం. అమ్మ నియమం తప్పలేదు, అత్త మాట ఎత్తలేదు. నా కోసం అడిగింది, బాపు కోసం అడిగింది, పాస్టరు గారి కోసం కూడా అడిగింది. నన్ను నీ రాజ్యంలో చేర్చుకో అన్న మాట దగ్గరికి వచ్చి ఆగింది, ఆమేన్ అంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. తన కోసం ఆ మాట అడగగా నేను మళ్ళీ వినలేదు.